వానను సాగనంపే గొట్టాలు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. పాపం, వాళ్ల చేతుల్లో ఫోన్లు లేవు. రాకడ సంగతి ఇప్పుడు వాతావరణ శాఖ చూసుకుంటోంది. పోకడ హైదరాబాదులో ప్రతి ఇంటి యజమానికీ తెలుసు: మిద్దె మీంచి పీవీసీ గొట్టంలోకి, ప్రహరీ కింది కన్నంలోంచి రోడ్డు మీదికి. ఆ గొట్టం మూతి వీధివైపు తిరిగిందా లేదా అని వాస్తు తర్వాత అంత శ్రద్ధగా చూసుకుంటాం. ఊళ్లోని మిద్దెల నీళ్లన్నీ కలిసి వీధి చివర మోకాటిలోతు చేరాక, ప్యాంటు పైకి మడిచి, కార్పొరేషన్‌ను తిట్టడం మన పౌరధర్మం.

మా వీధిలో ఒక మిద్దెతోట ఆసామి ఉన్నారు. వంగ, బెండ, గోంగూర, కాకర పందిరి. పొద్దున్నే వాట్సాప్‌లో వాటి ఫొటోలు. అంతా ఆర్గానిక్. నీళ్లు మాత్రం బోరువి, ఎండాకాలం ట్యాంకరువి. కుండీల అంచుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, ఆకుల కొసలు మాడుతున్నాయి. దానికి నర్సరీవాడు ఏదో సీసా అంటగట్టాడు.

"వాన నీళ్లు పట్టుకోవచ్చు కదండీ, వాటిలో ఉప్పుండదు" అన్నాను.

"అబ్బే, మిద్దె మీద పావురాల రెట్టండీ. మొక్కలకు పడదు" అన్నారు, కోళ్ల ఎరువు బస్తా విప్పుతూ. ఆ బస్తా ఆయన డబ్బిచ్చి కొన్నది!

పోనీ దోమల భయమా అంటే, డెంగీ దోమ నిలవున్న నీళ్ల అంచునే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో పిల్ల ఎగిరిపోతుంది. కాదనను. అందుకే వాన నీళ్లు పట్టే డ్రమ్ముకు మూత, మూతి దగ్గర సన్నటి వల. కానీ డ్రమ్మంటే ఉలిక్కిపడే ఆసామి కుండీల కింద పళ్లేల్లో వారాల తరబడి నీళ్లు నిలవ ఉంచుతారు. ఆ దోమలు ఆయన పెంపుడువి కాబోలు.

ఇక ఇంకుడు గుంత. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చిన నాటి నుంచి ఇళ్ల ప్లాన్లలో ఆ గుంత ఎంత అందంగా ఉంటుందో! కింద పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ఇసుక. అనుమతి చేతికొచ్చాక దాని మీద టైల్సు, టైల్స్ మీద కారు. కారుకు మాత్రం ట్యాంకరు నీళ్లతో రోజూ అభిషేకం.

కాస్త లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నూట యాభై గజాల మిద్దె అంటే 125 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే లక్ష లీటర్లు! ఆవిరికీ చిందుడుకూ అయిదో వంతు వదిలేసినా, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. వాటిని ఉచితంగా రోడ్డుకు పోసి, నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, వెయ్యి అడుగులకు మించిన ఎత్తుకు ఎక్కించి తెచ్చిన కృష్ణను గోంగూరకు పోస్తున్నాం. కృష్ణమ్మకు ఇంతకంటే గొప్ప ఉద్యోగం ఏం దొరుకుతుంది?

డ్రమ్ము పెడితే కరువు తీరుతుందని కోతలు కోయను. యాభై కుండీలకు రోజుకు వంద లీటర్లు కావాలి. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము రెండు రోజులకే ఖాళీ. అది వానకూ వానకూ మధ్య ఆదుకునేది, అంతే. ఇరవై మిల్లీమీటర్ల జల్లుకే మిద్దె మీంచి రెండు వేల లీటర్లకు పైగా దిగుతాయి. పొర్లినవి విడిగా కట్టిన సంపులోకి, అక్కడా నిండితే ఇంకుడు గుంతలోకి పోవాలి. సంపులోవి కొంతకాలం తోటకు, గుంతలోవి భూమిలోకి.

తొలి వాన దుమ్ము కడుగుతుంది, దాన్ని రోడ్డుకే వదిలేయండి. పావురాలకూ న్యాయం జరుగుతుంది. ఆ తర్వాత గొట్టం మూతి మీ ఇంటివైపు తిప్పండి. ఒక బెండు, ఒక వల, ఇటుకల మీద ఎత్తి పెట్టిన డ్రమ్ము, అడుగున కుళాయి. ప్లంబరును మాత్రం మే నెలలోనే పిలవండి. వానలు మొదలయ్యాక దొరకడు.