అమీర్‌పేట సముద్రం

హైదరాబాదుకు సముద్రం లేదనేది పాతమాట. అమీర్‌పేటలో ఒక హోటలు రెండో అంతస్తులో ఉంది. ఆదివారాలు పొద్దున పదకొండింటికి తెరుస్తారు. అలలు గోడ మీది తెరపై లేస్తుంటాయి. కిటికీలు ఉండవు, గడియారం ఉండదు. ఒడ్డున గుండ్రటి బల్లలు, బల్లకో జంట, జంటకో టై కట్టిన కుర్రాడు. ఆ సముద్రంలో దిగడానికి ఈత రానక్కర్లేదు, క్రెడిట్ కార్డుంటే చాలు.

నన్ను అక్కడికి చేర్చింది ఒక పెట్రోలు బంకు. బండిలో పెట్రోలు పోస్తుండగా ఒకమ్మాయి కూపన్ నింపమంది. పేరు, ఫోను, నెల ఆదాయం, సొంత కారుందా, పెళ్ళయిందా. మా పెళ్ళినాటి పేరయ్య కూడా ఇన్ని ఆరాలు తియ్యలేదు. మూడో రోజుకల్లా ఫోను. "కంగ్రాట్స్ సార్! లక్కీ డ్రాలో మీ పేరొచ్చింది. బీచ్ రిసార్టులో మూడు పగళ్ళు, రెండు రాత్రులు ఫ్రీ. మేడంగారిని తీసుకుని ఒకసారి వస్తే చాలు." నా జాతకానికి తొలిసారి అదృష్టం పట్టిందని మురిసిపోయాను. హాల్లో అడుగుపెట్టాక అదే అదృష్టం పట్టిన జంటలు ఇంకో ముప్ఫై కనిపించాయి.

మేడంగారు ఎందుకు తప్పనిసరో కూర్చున్నాక తెలిసింది. తెలుగు మగాడికి తరతరాలుగా ఉన్న ఏకైక కవచం "ఇంట్లో అడిగి చెప్తానండీ" అనే మాట. ఇంటినే తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెడితే ఇక అడగడానికి ఎక్కడికి పోతాడు?

మొదట సర్వే. "గత అయిదేళ్ళలో ఫ్యామిలీతో ఎక్కడెక్కడికి వెళ్ళారు సార్?" ఆలోచించి చెప్పాను. తిరుపతి రెండుసార్లు, అన్నవరం ఒకసారి, మేనకోడలి పెళ్ళికి కాకినాడ, పెద్దనాన్న పోయినప్పుడు ఏలూరు. కుర్రాడు కలం ఆపి, నా వంక రోగిని చూసే డాక్టరులా చూశాడు. "మీ పిల్లలకు మీరివ్వగలిగే అతిపెద్ద ఆస్తి ఏంటి సార్?" అన్నాడు. పోరంకిలో రెండువందల గజాల స్థలం ఉందని చెప్పాను. "కాదు సార్. మెమరీస్!" అన్నాడు. దానికి రిజిస్ట్రేషన్ ఎక్కడో అడుగుదామనుకున్నాను, మా ఆవిడ కాలు తొక్కింది.

ఆ తర్వాత ధర. ఆరు లక్షలతో మొదలైంది. నేను నీళ్ళు తాగితే అయిదు. గొంతు సవరించుకుంటే నాలుగున్నర. "మేనేజర్‌గారితో ఒక్క మాట మాట్లాడొస్తా" అని వెళ్ళి వచ్చేసరికి నాలుగు. ఇంకోసారి బాత్రూముకి వెళ్ళొస్తే వాళ్ళే నాకేమైనా బాకీపడతారేమో అనిపించింది. ఇంతలో పక్క బల్ల దగ్గర గంట మోగింది. ఒక జంట సంతకం పెట్టారట. హాలంతా చప్పట్లు. ఆ భర్త ముఖం చూశాను. శోభనం పెళ్ళికొడుకులా లేదు, హామీ సంతకం పెట్టిన బావమరిదిలా ఉంది.

ఇంతకీ అమ్మేదేమిటి? టైమ్‌షేర్ అంటారు, హాలిడే మెంబర్‌షిప్ అంటారు, వెకేషన్ ఓనర్‌షిప్ అంటారు. ఏడాదికి ఏడు రాత్రులు, పాతికేళ్ళు. మొత్తం 175 రాత్రులు, అంటే పాతికేళ్ళ కాపురంలో నిండా ఆరు నెలలు కూడా రావు. పేరులో ఓనర్ అని ఉన్నా గోడ మనది కాదు, తలుపు మనది కాదు, తలుపు తాళం మాత్రం వారం రోజులు మనది. అదైనా ఖాళీ ఉంటేనే.

వాటా వేసుకోవడం మనకు కొత్త కాదు. మా తాతగారి నాటి మామిడిచెట్టు ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి. ఏడాదికొకరిది కాపు. మా వంతు వచ్చిన ఏడు పూత రాలిపోవచ్చు, కోతులు పడొచ్చు, కానీ చెట్టు ఎక్కడుందో మాకు తెలుసు. కాయ కాసినా కాయకపోయినా ఏటేటా చెట్టుకు రుసుం కట్టమని మా పెదనాన్న అడగలేదు. మా వంతు ఏటికి మేము వెళ్తే "ఈ ఏడు కాయలన్నీ బుక్కయిపోయాయి, శ్రావణంలో రండి" అని కూడా అనలేదు.

ఈ వంతుల వ్యాపారం 1960లలో యూరప్‌లో, ఆల్ప్స్ మంచుకొండల దగ్గర పుట్టింది. గది అద్దెకు తీసుకునేకన్నా హోటలే కొనుక్కోవడం చౌక అని ఫ్రెంచివాళ్ళు ప్రచారం చేశారు. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే కంపెనీ వచ్చి, నీ కొండ వారం నాకిచ్చి నా సముద్రం వారం నువ్వు తీసుకో అనే మార్పిడికి దారి వేసింది. 1980లలో మనదాకా వచ్చింది. ఆ ఆల్ప్స్‌లో మంచు పడే వారాలకు గిరాకీ, కరిగే వారాలకు లేదు. కాబట్టి వారాలకు రంగులు వేశారు: గిరాకీ ఉన్నది ఎరుపు, మధ్యరకం తెలుపు, ఎవరికీ అక్కర్లేనిది నీలం.

ఇప్పుడు మన పంచాంగం తియ్యండి. మన పిల్లలకు బడి సెలవులు సంక్రాంతికి, దసరాకి, వేసవికి. మూడూ ఎరుపే. నాలుగు లక్షలకు దిగిన ధర నాకు కొనిపెట్టేది తెలుపు. జూలైలో గోవా అన్నమాట. జూలైలో గోవా ఎలా ఉంటుంది? జూన్ నుంచే బీచిలోని పాక హోటళ్ళు విప్పేసి ఉంటాయి. ఒడ్డున ఎర్రజెండా ఎగురుతుంటుంది, నీళ్ళలో దిగొద్దని. పిల్లలకు యూనిట్ టెస్టులు. సముద్రమూ సిద్ధంగా లేక, పిల్లలూ సిద్ధంగా లేక, గది ఒక్కటే సిద్ధంగా ఉండే కాలాన్ని నాకు తెల్లరంగు వేసి ఇస్తున్నారు. పోనీ ఎరుపే కొని దసరాకు విశాఖ వెళ్దామంటే అది బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న తీరం దాటింది. ఎక్కువ డబ్బు కట్టింది దానికోసమా?

మా ఆవిడ అప్పటిదాకా మాట్లాడలేదు. మెల్లిగా అడిగింది. "దసరాకి గది తప్పకుండా దొరుకుతుందా బాబూ?"

"అవైలబిలిటీని బట్టి మేడం."

ఈ వ్యాపారానికి ఇదే మూలమంత్రం. డబ్బు కట్టడం మాత్రం మన దగ్గర ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, ఠంచనుగా కట్టాలి. వాళ్ళు గది ఇవ్వడం లభ్యతను బట్టి. ఇదే మంత్రం పెళ్ళిలో పెడితే ఎలా ఉంటుంది? "ధర్మేచ, అర్థేచ, కామేచ, లభ్యతను బట్టి" అని పురోహితుడు చదివితే పిల్లనిచ్చే మామగారు పీటల మీద కూర్చుంటాడా? పైగా గదికోసం నెలల ముందే ఫోను చెయ్యాలి. రైలు టికెట్లేమో 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. గది దొరికినవాడికి బెర్తు దొరకదు, బెర్తు దొరికినవాడికి గది దొరకదు. రెండూ దొరికినవాడికి ఆఫీసులో సెలవు దొరకదు.

"హోటల్ అద్దెలు ఏటా పెరుగుతాయి కదా సార్. మీరు ఈరోజు ధరకు పాతికేళ్ళు లాక్ చేసుకుంటున్నారు" అన్నాడు కుర్రాడు. మాట బాగుంది. కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాను. నాలుగు లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 4 లక్షల 72 వేలు. ఈ డబ్బు 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి వడ్డీ 33,040 రూపాయలు. ఇక్కడ కడితే ఆ వడ్డీ పోతుంది, పైగా ఏటా నిర్వహణ రుసుం 18 వేలు కట్టాలి. రెండూ కలిపి 51,040. ఏడు రాత్రులతో భాగిస్తే రాత్రికి 7,291 రూపాయలు. తిండి వేరు, రైలు వేరు, రిసార్టు బయట కారు వేరు. ఆ డబ్బుకు ఏ బీచి ఒడ్డునైనా, ఏ రంగు వారంలోనైనా, ఏ ఊరి గదైనా తీసుకుని, నచ్చకపోతే మర్నాడు ఇంకో హోటలుకు మారొచ్చు. ఏదైనా ఒక ఏడు వెళ్ళకపోతే ఆ 51 వేలూ ఇంట్లోనే ఉంటాయి. పాతికేళ్ళయ్యాక బ్యాంకులో అసలు అసలులాగే ఉంటుంది. క్లబ్బులో గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఉంటుంది.

మరి లాక్ అయిందేమిటి? నిర్వహణ రుసుం పెంచే హక్కు ఒప్పందంలో వాళ్ళదే. ఏటా 6 శాతం చొప్పున పెరిగిందనుకున్నా నేటి 18 వేలు పాతికో ఏటికి 72 వేలు దాటుతుంది. తాళం పడింది ధరకు కాదు, నా డబ్బుకు.

అయితే కొన్నవాళ్ళందరూ మోసపోయారని నేననను. ఏటా తప్పకుండా వెళ్ళేవాళ్ళు, బడి సెలవులతో పనిలేనివాళ్ళు, ఆర్నెల్ల ముందే తేదీ ఖాయం చేసుకోగలిగినవాళ్ళు, పదిమంది కుటుంబానికి వంటగది ఉన్న పెద్ద సూటు కావాల్సినవాళ్ళు ఉంటారు. వాళ్ళకిది గిట్టుబాటవుతుంది. ఒక చిన్న అనుమానం మాత్రం మిగులుతుంది. అంత పద్ధతిగా బతికే మనిషి పెట్రోలు బంకులో కూపన్ నింపుతాడా?

మా మేనల్లుడు అట్లాంటాలో ఉంటాడు. ఆర్లాండోలో డిస్నీ టికెట్లు చౌకగా ఇస్తామంటే ఇలాంటి హాల్లోనే మూడు గంటలు కూర్చున్నాడు. టికెట్లతోపాటు ఒక వారం కూడా కొని బయటికొచ్చాడు. అమెరికాలో కొన్ని ఒప్పందాలకు గడువే ఉండదు, తండ్రి తర్వాత కొడుక్కి సంక్రమిస్తాయి. ఒక్క డాలరుకే ఇచ్చేస్తాం తీసుకోండి బాబూ అని అక్కడి సొంతదార్లు ప్రకటనలు వేసుకుంటారు. వాటిని వదిలిస్తామని ఫీజు పుచ్చుకునే కంపెనీలు వేరే ఉన్నాయి. దయ్యాన్ని అమ్మేవాడు ఒకడు, వదిలించేవాడు ఒకడు. మావాడి అదృష్టం, ఫ్లోరిడా చట్టం సంతకం పెట్టాక రద్దు చేసుకోవడానికి 10 రోజులిస్తుంది. ఇంటికెళ్ళి నిద్రపోయి లేచి, బుద్ధి తెచ్చుకుని, ఆరో రోజున ఉత్తరం పంపాడు. యూరప్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం 14 రోజులు, ఆ రోజుల్లో అడ్వాన్సు పుచ్చుకోవడం కూడా నిషిద్ధం. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేకంగా చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. దాని కింద మన ఊళ్ళోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. కానీ సెలవు కోసం డబ్బు కట్టి, ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి సెలవు పెట్టి కోర్టు మెట్లెక్కడం ఏం విహారమండీ?

ఇన్ని తెలిసీ నా చెయ్యి కలం మీదికి పోయింది, అబద్ధమెందుకు. మూడు గంటల ఏసీ, రెండు సమోసాలు, "పిల్లలకోసం ఆమాత్రం చెయ్యలేరా సార్" అనే మాట. మధ్యతరగతి తండ్రికి ఆ మాట చాలు. గదులు ఎన్ని ఉన్నాయోగానీ, ఆ హాల్లో ఎన్నటికీ కొరతపడని సరుకు మన సిగ్గే. అది మనం వెంట తెచ్చుకున్నదే, మనకే తిరిగి అమ్ముతారు, జీఎస్‌టీ వేసి.

మా ఆవిడే ఆపింది. "ఆ కాగితాలు ఇలా ఇవ్వు బాబూ. ఇంటికెళ్ళి చదువుకుని రేపు చెప్తాం."

"సారీ మేడం, బయటికివ్వడం కుదరదు. ఆఫర్ కూడా ఈరోజు వరకే."

"మూడొందల జాకెట్టు గుడ్డ కొన్నా కొట్టువాడు గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండ వెలుతుర్లో రంగు చూసుకోమంటాడు. పాతికేళ్ళ సరుకు ట్యూబులైటు కిందే చూడాలా?" అంటూ లేచింది. కుర్రాడు మేనేజర్‌ను పిలిచాడు, మేనేజర్ మూడున్నరకు దిగాడు. ఆవిడ అప్పటికే మెట్ల దగ్గరుంది. అప్పట్నుంచి టైమ్‌షేర్ కొనాలా వద్దా అని ఎవరైనా నన్నడిగితే లెక్కలు చెప్పడం మానేశాను. ఎండలోకి రానిస్తే చూడండి, రానివ్వకపోతే చెప్పులేసుకోండి అంటున్నాను.

ఫ్రీ బహుమతి సంగతి మరిచాను. కూపన్ ఇచ్చారు. శని, ఆదివారాలు చెల్లదు, పండగలకు చెల్లదు, 45 రోజుల ముందు చెప్పాలి, పన్నులూ కరెంటూ మనవే, గది అవైలబిలిటీని బట్టి. ఇప్పుడది మా ఇంట్లో గ్యాస్ పుస్తకంలో భద్రంగా ఉంది.

మే నెలలో పిల్లల్ని తీసుకుని బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్ళాం. రెండు రాత్రులు. గది కాస్త పాతది, దుప్పటి కాస్త పల్చన. పొద్దున్నే ఒడ్డుకెళ్తే పడవలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి. పడవ నీడలో కూర్చున్న పెద్దాయన్ని చేపలేమైనా దొరుకుతాయా అని అడిగాను. "ఇప్పుడు వేట లేదు బాబూ. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా గవర్మెంటు ఆపేస్తది. అరవయ్యొక్క రోజులు. గుడ్లు పెట్టుకునే కాలం గదా, చేపక్కూడా కాసింత తెరిపి ఉండాలి" అన్నాడు.

చేపలకు 61 రోజులు. ఫ్లోరిడావాడికి 10, యూరప్‌వాడికి 14. నా వంతు ఎన్నో లెక్కపెట్టుకుంటూ ఆరేసిన వలలవైపు చూస్తున్నాను. జేబులో ఫోను మోగింది.

"కంగ్రాట్స్ సార్! లక్కీ డ్రాలో..."