పెద్దపేగు ప్రచారకుడు

అమెరికాలో యాభై దాటిన తెలుగు మగవాళ్ళు పదిమంది పోగైన చోట పెద్దపేగు ప్రచారకుడు ఒకడు తప్పక ఉంటాడు. న్యూజెర్సీలో ఎడిసన్ మొదలు టెక్సస్‌లో ఫ్రిస్కో దాకా ఇతని సంచారం. 1990ల చివర వైటూకే పని మీద విమానం దిగిన తరం. ఒకప్పుడు గ్రీన్‌కార్డు గురించి, తర్వాత ఇళ్ళ వడ్డీ రేట్ల గురించి, ఆ తర్వాత పిల్లల శాట్ మార్కుల గురించి మాట్లాడినవాడే ఇప్పుడు కొలనోస్కోపీ గురించి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష గురించి, మాట్లాడుతున్నాడు. విషయం మారింది గాని గొంతు మారలేదు.

వడ్డన మొదలయ్యేదాకా మామూలు మనిషిలాగే కనిపిస్తాడు. ఎదుటివాడు మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టుకునే అదను చూసి, "బావగారూ, మీకు నలభై అయిదు దాటింది గదా, కొలనోస్కోపీ అయిందా?" అంటాడు. సత్యనారాయణ వ్రతమా, సీమంతమా, బారసాలా అని చూడడు. యాభయ్యో పుట్టినరోజంటే మరీ సరదా. బహుమతి కవరులో గిఫ్టుకార్డుతో పాటు పేగుల డాక్టరు ఫోను నంబరు కూడా పెట్టి ఇచ్చే రకం.

ఇతను తయారయ్యే దారులు రెండు. వారాంతాల్లో తనతో క్రికెట్ ఆడిన నలభై ఏడేళ్ళ స్నేహితుడు పెద్దపేగు క్యాన్సర్‌తో ఆరు నెలల్లో పోవడం ఒకటి. ఆ దారిన వచ్చినవాడు తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేయిస్తాడు, హాస్యానికి దొరకడు. రెండోది, తన పేగులోనే పాలిప్ బయటపడటం. పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద మొలిచే బుడిపె. అన్నీ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా మామూలుగా పదేళ్ళు పడుతుంది. ఆ నిదానమే పరీక్షకు పనికొచ్చింది: కనపడినప్పుడే తీగ ఉచ్చు వేసి కత్తిరించేస్తే రావలసిన జబ్బు అక్కడే ఆగిపోతుంది. ప్రచారకుడి పాలిప్ రిపోర్టులో అయిదు మిల్లీమీటర్లు. మొదటి ఉగాదికి అది కుంకుడుకాయంత, రెండో ఉగాదికి నిమ్మకాయంత అవుతుంది. ఒంట్లోంచి తీసేశాక కూడా పెరిగే పాలిప్ ఇదొక్కటే.

ఆధారాలు ఫోనులో ఉంటాయి. కూతురి గ్రాడ్యుయేషన్ ఫొటోలు చూపిస్తూ ఒక్కటి ఎక్కువ జరిపితే గులాబీరంగు సొరంగం ప్రత్యక్షమవుతుంది. "ఇది సీకం. పెద్దపేగు మొదలయ్యేది ఇక్కడే. ఈ చిన్న చీలిక చూశారా, అది అపెండిక్స్ ద్వారం. ఇది కనపడిందంటే చివరిదాకా చూశారన్నట్టు. నాకు చాలా క్లీన్‌గా ఉందని డాక్టరు మెచ్చుకున్నాడు." పులిహోర ప్లేటు పట్టుకున్నవాళ్ళు ఈ మెప్పును ఎలా అందుకోవాలో తెలియక డెజర్టు టేబుల్ వైపు చూస్తారు.

అంకెల్లో అతను గట్టివాడు. అమెరికాలో మగవాళ్ళలో 24 మందికి ఒకరికి, ఆడవాళ్ళలో 26 మందికి ఒకరికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ వస్తుందన్న అంచనా నోటికి వచ్చు. "ఈ హాల్లో మగవాళ్ళం 120 మందిమి ఉన్నాం. లెక్క వేసుకోండి" అని ఊరుకుంటాడు. లెక్క రానివాళ్ళెవరూ ఆ హాల్లో ఉండరు. చిన్న వయసులో ఈ జబ్బు పెరుగుతోందని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లోనే పరీక్ష వయసును 45కు దించింది. ప్రభుత్వానికి సలహాలిచ్చే నిపుణుల బృందం 2021లో అదే మాట అంది. యాభైకి ఇంకా టైముంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఆ ఏడాది ఒక్కసారిగా ఇతని పరిధిలోకి వచ్చిపడ్డారు.

ఇతనికి ఆరాధ్య దైవం కేటీ కూరిక్. ఆ టీవీ యాంకరు భర్త 1998లో నలభై రెండేళ్ళకే ఈ జబ్బుతో చనిపోయాడు. 2000 మార్చిలో ఆవిడ తన కొలనోస్కోపీని దేశమంతటికీ టీవీలో చూపించింది. తర్వాతి నెలల్లో పరీక్షలు సుమారు 20 శాతం పెరిగాయని పరిశోధకులు లెక్క తేల్చారు. దేశాధ్యక్షులూ ఇతనికి పనికొస్తారు. కొలనోస్కోపీకి మత్తు ఇచ్చేముందు బుష్ 2002లో, 2007లో అధికారాన్ని డిక్ చేనీకి అప్పగించాడు. 2021 నవంబరులో బైడెన్‌కు కొలనోస్కోపీ జరిగిన 85 నిమిషాలు కమలా హారిస్ చేతిలో ఉంది అమెరికా. "ఆ దేశమే గంటన్నర ఆగింది, మీ స్టాండప్ మీటింగు ఆగదా?" అన్న ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ మేనేజర్ల దగ్గర జవాబు ఉండదు.

సాకులు మాత్రం ఉంటాయి. ఇంట్లో ఎవరికీ లేదనేది మొదటిది. జబ్బు బయటపడినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లోనూ అంతకుముందు ఎవరికీ ఉండదు. మేం శాకాహారులం అనేది రెండోది. శాకాహారం వల్ల ముప్పు కొంత తగ్గితే తగ్గవచ్చు గాని పాలిప్‌కు మడి లేదు. నాకే బాధా లేదు కదా అనేవాడికి ప్రచారకుడు శ్రద్ధగా చెబుతాడు: బాధ మొదలయ్యాక చేసేది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ, ఆ తేడా ఇన్సూరెన్స్ కంపెనీకి బాగా తెలుసు. 2010 ఆరోగ్య చట్టం పుణ్యాన చాలా ఇన్సూరెన్సుల్లో స్క్రీనింగ్‌కు మన జేబులోంచి కట్టే కో-పే లేదు, డిడక్టిబుల్ లేదు. లక్షణాలతో వెళితే బిల్లు వేరు. చావు భయానికి లొంగనివాడు కూడా ఊరికే వస్తున్నదాన్ని వదులుకుంటున్నామన్న దిగులుకు లొంగుతాడు. ఈ సంగతి కనిపెట్టినందుకు ప్రచారకుణ్ణి మెచ్చుకోవాలి.

పైకి చెప్పని సాకు సిగ్గు. "అక్కడి నుంచా?" అన్న మాట గొంతులో ఆగిపోతుంది. డాక్టరు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం దీనికి సమాధానం చెప్పలేదు, చిత్తుకాగితాల డబ్బాలోకి పోతుంది. తన పేగు ఫొటో పులిహోర మీదుగా నలుగురికీ చూపించినవాడి ముందు మాత్రం మిగతావాళ్ళ సిగ్గు ఎక్కువసేపు నిలవదు. అతని పని తీరంతా ఇంతే. అంకెలు పైపై అలంకారం.

ఒప్పుకున్నవాడికి రెండో అధ్యాయం మొదలవుతుంది: ప్రెప్, అంటే పరీక్షకు ముందు పేగు ఖాళీ చేసుకోవడం. ప్రచారకుడు ఇక్కడ గురువు. కొన్నిరోజుల ముందే గింజలు మానాలి. వంకాయ, టమాటా, నువ్వులపొడి, గసగసాలు బంద్. ఏళ్ళ తరబడి బ్రౌన్ రైస్ తినమని వెంటపడిన వైద్యశాస్త్రం తెల్లన్నమే తినమని చెప్పేది ఈ రెండు మూడు రోజులే. ముందురోజు తేట ద్రవాలు తప్ప ఏమీ లేదు. ఎరుపు రంగువి అసలు కూడదు, లోపల నెత్తురని భ్రమ పడతారు. సాయంత్రం విరేచనాల మందు. పాతకాలం వాళ్ళకు నాలుగు లీటర్ల జగ్గు. ఇప్పుడు చాలామందికి అందులో సగమే, అదీ రాత్రి కొంత, తెల్లవారుజామున కొంత. జగ్గు ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టమంటాడు, స్ట్రాతో నాలుక వెనక్కి పోనిమ్మంటాడు, మధ్యమధ్య నిమ్మచెక్క చప్పరించమంటాడు. తొమ్మిదింటికి ఫోను చేసి "మొదలైందా?" అని అడుగుతాడు. మొదలైనవాడు ఆ ఫోను ఎత్తే స్థితిలో ఉండడు.

మర్నాడు కారు నడిపేదీ అతనే. మత్తు ఇచ్చినవాణ్ణి ఒంటరిగా ట్యాక్సీలో పంపరు, తెలిసినవాళ్ళు దగ్గరుండి తీసుకెళ్ళాలి. భార్య ఆఫీసులో ఉన్నవాళ్ళకూ, పిల్లలు కాలేజీల్లో ఉన్నవాళ్ళకూ ఈ ఒక్క చిక్కే నెలల తరబడి పరీక్షను వాయిదా వేయిస్తుంది. ప్రచారకుడు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని లాప్‌టాప్‌తో వెయిటింగు హాల్లో కూర్చుంటాడు. లోపల అరగంట పని. కళ్ళు తెరిచేసరికి నర్సు గాలి పోయిందా అని అడుగుతుంది. నలుగురిలో దాచుకోవలసినదానికి శభాష్ అనిపించుకునే చోటు భూమ్మీద అదొక్కటే. మత్తులో ఉన్నవాడికి డాక్టరు చెప్పిందేదీ గుర్తుండదు. పక్కనున్న ప్రచారకుడు ఒక్క ముక్క మర్చిపోడు, అదే ఇబ్బంది. శనివారానికల్లా పాలిప్‌ల సంఖ్య ఫ్రిస్కో అంతా తెలుస్తుంది.

లోపం లేనివాడు కాదు. కొలనోస్కోపీ తప్ప మరో పరీక్ష ఉందంటే ఒప్పుకోడు. మలంలో కంటికి కనపడని నెత్తురును పట్టే ఫిట్ పరీక్షను, ఇంటికి డబ్బా తెప్పించుకుని తిరిగి పంపించేదాన్ని, 'పోస్టాఫీసు వైద్యం' అని ఈసడిస్తాడు. నిజానికి లక్షణాలూ కుటుంబ చరిత్రా లేనివాళ్ళకు ఏడాదికోసారి ఫిట్ కూడా గుర్తింపు ఉన్న దారే; అందులో తేడా కనిపిస్తే అప్పుడు కొలనోస్కోపీ తప్పదు. పేగుకు చిల్లు పడే ప్రమాదం పదివేలలో మూడు నాలుగు పరీక్షలకే గాని బొత్తిగా లేదని చెప్పకూడదు. అతను చెబుతాడు.

డిసెంబరులో ఇండియా వస్తే ఉపన్యాసం బెడిసికొడుతుంది. ఇక్కడ ఈ క్యాన్సర్ అమెరికాలో కన్నా తక్కువ. ముప్పై దాటినవాళ్ళకు ప్రభుత్వం చేసే పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గాని పెద్దపేగు లేదు. "మాకు హైదరాబాద్‌లో పేగుల డాక్టరు నాగేశ్వరరెడ్డి గారున్నారు. పద్మవిభూషణ్ కూడా ఇచ్చారు. నువ్వు కాఫీ తాగు" అంటాడు మేనమామ. ఆ మేనమామే రెండేళ్ళుగా నెత్తురు పడుతోంటే మొలలనుకుని, బస్టాండు గోడ మీది 'ఆపరేషన్ లేకుండా గ్యారంటీ' నంబరుకు ఫోను చేసి పొడి తెప్పించుకుంటున్నాడని మాటల్లో బయటపడుతుంది. అక్కడ మాత్రం ప్రచారకుడు జోకులు మాని, మర్నాటికే అపాయింటుమెంటు తీసుకుంటాడు. నలభై దాటాక నెత్తురు పడితే చూడకుండా మొలలని ఖాయం చేయకూడదన్నది అతని ఉపన్యాసంలో అన్ని దేశాలకూ పనికొచ్చే ముక్క.

ఇంట్లో ఇతనికి శ్రోతలు లేరు. భార్య అతనికన్నా రెండేళ్ళ ముందే పరీక్ష చేయించుకుంది. కారు నడపడానికి మనిషి కావాలి గనక అతనికి చెప్పింది, మరెవరికీ చెప్పలేదు.

శిష్యుల్లో సగంమంది ఆరోగ్యం కోసం వెళ్ళరు, ఇతని నోరు మూయించడానికి వెళతారు. నాలుగో దసరాకు "అయింది గురూ, ఏమీ లేదు, మళ్ళీ పదేళ్ళకి రమ్మన్నారు" అనగలగడంలో ఒక విముక్తి ఉంది. ఏదో దొరికినవాడు ఆ మాట అనడు. మూడేళ్ళకో అయిదేళ్ళకో రమ్మన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏడాది తిరక్కుండా తానే బజ్జీల దగ్గర మాటు వేస్తాడు. జాతి వృద్ధి ఇలా జరుగుతుంది.

డెబ్భై అయిదు దాటినవాళ్ళకు పరీక్ష అవసరమా కాదా అనేది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోమంటారు. ఎనభై అయిదు దాటితే వద్దంటారు. తోటివాళ్ళంతా ఆ గీత దాటేనాటికి ప్రచారకుడికి ముడిసరుకు తరిగిపోతుంది. కొంతకాలం దిగాలుగా ఉంటాడు. తర్వాత యాభై దాటిన ప్రతివాడికీ రెండు డోసులు పడాలంటూ సర్పి టీకా ఎత్తుకుంటాడు.