ముందుబరువు మాస్టారు

మన రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఈయన అంతకుముందు నుంచే ఉన్నాడు. ఏ ఊరి కూరగాయల బజారు గేటు దగ్గర నిలబడ్డా కనిపిస్తాడు. రిటైరైన మాస్టారు, కాకపోతే గుమాస్తా. 28 అంగుళాల చక్రాల నల్ల సైకిలు, దాని వెనక బియ్యం బస్తా మోయగల ఇనప క్యారియరు. ఆ క్యారియరు మీద గొడుగు తప్ప ఏమీ ఉండదు. సరుకంతా ముందే. హ్యాండిలుకు కుడివైపొక సంచీ, ఎడమవైపొక సంచీ, బుట్టలో గుమ్మడికాయ. బెల్లు కొత్తిమీరలో కూరుకుపోయి ఉంటుంది కనక "జరగండమ్మా, జరగండి" అంటూ నోటితోనే మోగిస్తాడు.

వెనక పెట్టుకోవచ్చు కదండీ అంటే, "కళ్లెదుట ఉన్నదే మనది" అంటాడు. ఒకసారి క్యారియరు మీది తోటకూరను సిగ్నలు దగ్గర ఆవు నింపాదిగా తినేసిందట. ఇంటికొచ్చి చూసుకుంటే పురికొస మిగిలిందట.

చిక్కేమిటంటే, హ్యాండిలుకు వేలాడే బరువు హ్యాండిలుతోపాటే తిరుగుతుంది. ముందు తిరగనని మొరాయిస్తుంది, తిరిగాక ఆగనంటుంది. అందుకే ఆయన మలుపు తిరగడు. మలుపు దగ్గర దిగి, సైకిలును తిప్పి నిలబెట్టి, మళ్లీ ఎక్కుతాడు. వెనకటికి ఇంగ్లండులో సరుకులు ఇంటింటికీ చేరవేసే సైకిళ్లకు ముందు చక్రం చిన్నదిగా చేసి, బుట్టను ఫ్రేముకే బిగించేవారు. బరువు కిందికి దిగేది, చక్రం తిరిగినా బుట్ట కదిలేది కాదు. ఇంజినీరు అల్లుడు ఈ సంగతి చెబితే మాస్టారు ఒకటే అడిగాడు: "ఆ దొరలకు కొసరు తెలుసా?"

కొసరే అసలు కీలకం మరి. ఎడమ సంచీలో మూడు కిలోల ఉల్లిపాయలు పడ్డాయంటే, కుడి సంచీకి మరో మూడు కిలోలు వెతకాల్సిందే. దొండకాయలు ముదురైనా సరే, దోసకాయలు చేదైనా సరే. వాదించి గెలుచుకున్న గుప్పెడు పచ్చిమిరపకాయలను పట్టుకుని, రెండు సంచీలనూ ఎత్తి చూసి, తేలికదాంట్లో వేస్తాడు. ఇంట్లో ఏం వండాలన్నది ఆయన ఇష్టం కాదు, ఆవిడ ఇష్టమూ కాదు, హ్యాండిలు ఇష్టం.

"ఇన్ని దోసకాయలెందుకండీ?"

"బ్యాలెన్సుకే."

ఎవరైనా నవ్వితే చరిత్ర తీస్తాడు. 1954లో దియెన్ బియెన్ ఫూ పోరుకు వియత్నాం వాళ్లు ఒక్కో సైకిలు మీద 200 కిలోలకు పైగా సరుకు చేరవేశారు, ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. నిజమే. కానీ వాళ్లు హ్యాండిలుకు వెదురుకర్ర కట్టి, బరువును ఫ్రేము మీద వేసి, పక్కన నడుస్తూ తోసుకెళ్లారు. ఎక్కి తొక్కలేదు. ఆ ముక్క మాస్టారు చెప్పడు. ఫ్లైఓవరు ఎదురైతే మాత్రం చుట్టూ ఓసారి చూసి, దిగి, వియత్నాం పద్ధతిలోకి వచ్చేస్తాడు.

ఆవిడ పోట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు చీటీయే రెండు వరసలుగా రాసిస్తోంది: ఎడమకు బంగాళాదుంపలు, కుడికి కంద. దోసకాయల ఊసే ఉండదు. అయినా వస్తూనే ఉన్నాయి. కంద ఓ అరకిలో తగ్గిందట.