విపత్తు మాటల పెడబాలశిక్ష

హెచ్చరిక వినగానే కంగారుపడేవాళ్లు కొందరు, అర్థం కనుక్కుని సామాన్లు సర్దుకునేవాళ్లు మరికొందరు. ఈ రెండు గుంపుల్లోనూ చేరకుండా అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చోవడం ఒక విద్య. ఆ విద్యలో నాకు నలభై ఏళ్ల అనుభవం ఉంది. కిటుకు చిన్నదే: మాట వాళ్లది, అర్థం మనది. పాఠాలు చెబుతాను, రాసుకోండి.

1. ‘అల్ప’ అన్నారంటే అల్పమే

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అంటూ వాతావరణ శాఖ మెట్లు కట్టింది. అవి గాలి మెట్లు. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగం అందుకుంటేనే దాన్ని తుఫాను అంటారు, పేరు కూడా అప్పుడే పెడతారు. మీరు మాత్రం అవి వాన మెట్లే అనుకోండి. బారసాల కాని దానికి భయపడటమేమిటి? 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర తీరం దాటింది ఉత్త వాయుగుండం, పేరైనా లేదు. ఆ వానలకే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ జనాన్ని పడవలెక్కించింది. అది లెక్కలోకి తీసుకోవద్దు. ‘తుఫాను బలహీనపడింది’ అని టీవీలో చెప్పగానే డాబా మీద వడియాలు పెట్టేయండి. బలహీనపడింది గాలేగానీ మబ్బులో నీళ్లు కావని ఎవరైనా నసిగితే, తడిసిన వడియాల్లో వాళ్లకూ కాసిని పంపండి.

2. రేవు నంబర్లను మార్కుల్లా చదవండి

ఓడరేవులో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఎనిమిదో నంబరంటే పదికి ఎనిమిది మార్కులని, పదో నంబరు రాలేదు కాబట్టి ఇంకా టైముందని లెక్కేసుకోండి. నిజానికి 8, 9, 10 మూడూ మహా ప్రమాద హెచ్చరికలే. తుఫాను రేవుకు ఏ పక్కగా పోతుంది, లేక నెత్తి మీదుగానే పోతుందా అన్నదే వాటి మధ్య తేడా. పదకొండో నంబరు ఇంకా రుచిగా ఉంటుంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. అంటే మన పెడర్థాలను సరిదిద్దేవాడు కూడా ఇక లేడన్నమాట. మనలాంటివాళ్లకు అంతకంటే స్వేచ్ఛ ఏముంటుంది?

3. ‘దాటింది’ అంటే వెళ్లిపోయింది

పరీక్ష గండం దాటింది, రైలు స్టేషన్ దాటింది, తుఫాను తీరం దాటింది. మూడూ ఒకటే వ్యాకరణం, కాబట్టి మూడూ ఒకటే అర్థం. తీరం దాటడమంటే తుఫాను కేంద్రం సముద్రం విడిచి నేల మీదికి, అంటే మనింటి వైపుకి రావడమని శాస్త్రజ్ఞులు అంటారు. అననివ్వండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు మధ్యలో గాలి కాసేపు ఆగింది. అది తుఫాను కన్ను. మా బావమరిది దాన్నే ముగింపు అనుకుని వాటర్ ట్యాంకు మూత వెతకడానికి మేడెక్కాడు. కన్ను జరిగాక గాలి అవతలి వైపు నుంచి కొట్టింది. మూత దొరకలేదు సరికదా, ట్యాంకు కూడా పోయింది. వాడు మాత్రం ‘దాటింది అన్నారు కదా’ అని ఈరోజుకీ వాదిస్తాడు. నా ప్రియ శిష్యుడు.

4. ఉప్పెనను అలగా కుదించండి

‘మామూలు పోటు కంటే మీటరు ఎత్తున ఉప్పెన’ అని బులెటిన్‌లో రాస్తే, మీటరు అల మోకాళ్లకు తగిలి వెనక్కి పోతుందని ఊహించుకోండి. అల వచ్చి పోతుంది. ఉప్పెన అలా కాదు, గాలి సముద్రాన్నే ఎత్తి నేల మీదికి తోస్తుంది, దానిపైన అలలు వేరే ఉంటాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మందిని తీసుకుపోయింది ఎక్కువగా ఈ నీరే. దీని మీద నాకు హాస్యం రాదు. తర్వాతి పాఠానికి వెళదాం.

5. రంగులను రోడ్డు మీద నేర్చుకోండి

ఎర్ర లైటు పడితే ఆగాలి. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది ఇప్పుడు మార్చుకుంటామా? రెడ్ అలర్ట్ ఇవ్వగానే ఉన్నచోటే ఆగిపోండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని కదా అంటారా? కూడలిలో పోలీసుని అడగండి, ఎవరిది తప్పో చెబుతాడు.

6. గోదావరి అడుగులను కలిపి కొలవండి

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కిందున్న ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఇప్పుడు తీసివేత చేయండి: పైన 53, కింద 17.75, అంటే దారిలో ముప్పై అయిదు అడుగులకు పైగా నీళ్లు ఇంకిపోయాయి! రెండు చోట్లా కొలబద్ద సున్నా వేర్వేరు మట్టాల్లో ఉంటుందన్న సంగతి లంక గ్రామాల్లో పడవ నడిపేవాడికి కూడా తెలుసు. అతనితో వాదానికి దిగకండి, రేపు ఆ పడవే ఎక్కాలి. ఇంకెవరైనా ఖాళీ చేయమంటే ‘1986లో భద్రాచలంలో 75.6 అడుగులొచ్చింది, ఇదెంత?’ అనండి. అప్పుడు మీ ఇల్లు అక్కడ కట్టలేదన్న సంగతి వేరే.

7. రోగాల మాటలను పులుసులా కలపండి

రోగం వచ్చినవాణ్ణి వేరుగా ఉంచడం ఐసొలేషన్. రోగికి దగ్గరగా మెలిగి, తనకూ అంటిందో లేదో తేలనివాణ్ణి వేరుగా ఉంచడం క్వారంటైన్. రెండూ ‘వేరుగా ఉంచడమే’ కాబట్టి ఇద్దరినీ ఒకే గదిలో వేయండి, ఫ్యాన్ ఖర్చు కలిసొస్తుంది.

పొడుగు పేర్లను పట్టించుకోకండి. 2020 జనవరి 30న కరోనా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి’ ప్రకటించింది. నిబంధనల ప్రకారం గంట మోగింది అప్పుడే. కానీ అంత పొడుగు మాట ఎవరు వింటారు? మార్చి 11న అదే సంస్థ ‘మహమ్మారి’ అనేదాకా ఆగినవాళ్లే రసికులు. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందన్నారు, రోగం ముగిసిందనలేదు. ఆ తేడా కూడా వడియాల పక్కనే ఆరబెట్టండి.

‘సామాజిక దూరం’ అన్నప్పుడు మా ఊరి పెద్దలకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. ఊరికీ వాడకీ మధ్య తరాలుగా పాటిస్తున్నదే కదా! తర్వాత దాన్ని ‘భౌతిక దూరం’ అనాలని దిద్దుబాటు వచ్చింది. మా పెద్దలు దిద్దుబాటును ఒప్పుకోలేదు. మాస్కు మాత్రం గడ్డం కింద పెట్టుకున్నారు.

8. నిఘంటువు తెరవకండి

ఇదే అన్నిటికంటే ముఖ్యం. ప్రతి బులెటిన్ చివరా ‘ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అంటారు. పొరపాటున నిఘంటువు తీశారా, సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ముందుగా ఏమరుపాటు అని కనిపిస్తుంది. ‘అప్రమత్తం’ అంటే ఆ ఏమరుపాటు లేకపోవడం. రెండూ ఒకే ధాతువు బిడ్డలు. అంటే గోదావరి గట్టున వినిపించే ‘ప్రమాద హెచ్చరిక’ సగం నది గురించే. నదికి ఏమరుపాటు ఉండదు, 53 అడుగులంటే 53 అడుగులే. మిగతా సగం ఎవరి గురించో తెలిసిపోతే నా విద్య గతేమిటి?

కాబట్టి ఆ నిఘంటువును పై అటక మీదే ఉండనివ్వండి. రేపు ఇంట్లోకి నీళ్లొస్తే తడవకుండా మిగిలేది అదొక్కటే.