తప్పుకో రేటు

ఇల్లు కట్టేటప్పుడు మా మేస్త్రి ఒక మాట చెప్పాడు. "సార్, చుట్టూ మూడడుగులు ఒట్టిగనే ఇడిసిపెడ్తున్నరు. ఆ జాగల ఇంకో రూమ్ ఎల్తది." నేను వినలేదు. ప్లాన్‌లో సెట్‌బ్యాక్ వదలమని ఉంది, వదిలాను. పక్కింటాయన పెద్దల మాట వినే మనిషి. మేస్త్రి మాట విన్నాడు. ఇప్పుడు మా రెండిళ్ల మధ్యా ఉన్నది నేను వదిలిన మూడడుగులే. ఆయన ఏసీ నీళ్లు అందులోకే కారతాయి, ఆయన కిటికీ రెక్కలు అందులోకే తెరుచుకుంటాయి. గాలీ వెలుతురూ ఉండాలి కదా మరి, ఆయనకి.

"కూల్చరా?" అని మొదట్లో మా ఆవిడ అడిగేది. పిచ్చిది. కూల్చితే ఖర్చు, క్రమబద్ధీకరిస్తే ఆదాయం. ఏ ప్రభుత్వమైనా పాలిచ్చే గేదెను కబేళాకి తోలుతుందా?

ఈ పాడి ఈనాటిది కాదు. 2007 డిసెంబర్ 31న, ఊరంతా కేకులు కోసే రోజున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ కట్టడాలకు బీపీఎస్ పథకం వచ్చింది. అందులో 'పీ' అంటే పీనలైజేషన్. అంటే అప్పటికింకా మీరు చేసింది తప్పేననీ, కట్టేది జరిమానాయేననీ చెప్పే మొహమాటం మిగిలుంది. రాష్ట్రం విడిపోయింది. ఆస్తుల పంపకాల దగ్గర ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు గానీ, ఈ పథకం దగ్గర మాత్రం పేచీ రాలేదు, చెరో ప్రతీ పట్టుకుపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో బీపీఎస్, చాలక 2019లో మళ్లీ బీపీఎస్. తెలంగాణలో 2015లోనే బీఆర్‌ఎస్. కంగారు పడకండి, అప్పటికి అది పార్టీ కాదు, పథకమే. 'పీ' పోయి 'ఆర్' వచ్చింది. జరిమానా పోయి క్రమబద్ధీకరణ అయింది. అది కోర్టులో చిక్కుకోవడం వేరే కథ.

తెలంగాణలో ఇళ్లయ్యాక ప్లాట్ల వంతు. 2020 ఆగస్టు 26కి ముందు రిజిస్టరైన ప్లాటైతే చాలు, దరఖాస్తుకు వెయ్యి రూపాయలు కట్టమన్నారు. పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. అంటే ఈ రాష్ట్రంలో పాతిక లక్షల ముక్కల నేలను అనుమతి లేని వెంచర్లలో కోసి, హద్దురాళ్లు పాతి, రంగురంగుల జెండాలు కట్టి అమ్ముతుంటే ఎవరి కంటా పడలేదన్నమాట. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ తీసుకున్నప్పుడు కూడా కళ్లు మూసుకునే లెక్కపెట్టుకుని ఉండాలి. కొన్నవాడు పాపం వెయ్యి కట్టి వరసలో నిలబడ్డాడు. అమ్మినవాడు? వాడికీ అన్యాయం జరగలేదు. అప్పటికి వెంచర్లో పది శాతం ప్లాట్లు రిజిస్టరై ఉంటే మిగతావి కూడా దారిన పడేందుకు వీలిచ్చారు.

ఆ దరఖాస్తులకు గడువు మొదట అక్టోబర్ 15. సరిగ్గా దానికి రెండు రోజుల ముందు హైదరాబాద్ మీద ఆకాశం విరుచుకుపడింది. చెరువు ఏదో, కాలనీ ఏదో తెలియకుండా పోయింది. నాలాలు తాము ఒకప్పుడు ప్రవహించిన చోట్లన్నీ ఇల్లిల్లూ తిరిగి చూసుకున్నాయి. నీటికి కటాఫ్ తేదీ తెలియదు. సర్కారు మాత్రం వెంటనే స్పందించి, దరఖాస్తు గడువును అక్టోబర్ 31కి పెంచింది.

నాకు బాగా నచ్చింది పార్కు లెక్క. లేఅవుట్‌లో పార్కుకి స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. కట్టారనుకోండి, పార్కు వస్తుందా? ఎక్కడొస్తుంది, అక్కడ కూడా ప్లాట్లే అమ్మేశారుగా. కానీ పార్కు లేదన్న లోటు మాత్రం కాగితం మీద తీరిపోతుంది. మా బంధువొకాయన రెండు లక్షల ముప్పై వేలు కట్టాడు. ఆ రసీదు ఎ4 సైజు. సాయంత్రం పూట దాని మీద వాకింగ్ చేయడం కష్టం గానీ, పల్లీలు పెట్టుకు తినొచ్చు.

2025లో తెలంగాణ సర్కారు ఇంకో మెట్టెక్కింది. మార్చి 31లోగా కడితే ఫీజులో 25 శాతం రాయితీ అంది. ఆషాఢం రాకముందే ఆషాఢం సేల్. జనం అంతగా కదల్లేదు. ఎందుకు కదులుతారు? ఆఖరి తేదీ అంటే ఏమిటో వాళ్లకి అనుభవం. అనుకున్నట్టే గడువు పెరిగింది, పెరిగి మళ్లీ పెరిగింది. మొత్తానికి జరిమానా క్రమబద్ధీకరణ అయి, క్రమబద్ధీకరణ డిస్కౌంట్ అయింది. తర్వాతి పథకంలో ఒకటి తప్పితే ఇంకొకటి ఉచితం అనాలి, లేదా లక్కీ డ్రా పెట్టి గెలిచినవాడికి నాలా మీద మూడంతస్తులు ఇవ్వాలి.

అన్నట్టు, రూలు ప్రకారం కట్టినవాడికి ఏ రాయితీ ఉందో కనుక్కుందామని నేనూ ఒక ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి నా ప్లాను రెండుసార్లు తిరగేసి, "మరి మీకేం కావాలి సార్?" అన్నాడు. నిజమే, నాకేం కావాలి?

పక్కింటాయన డాబా మీద పిల్లర్ల ఊచలు కోయకుండా అలాగే వదిలి, తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ సీసాలు తొడిగి ఉంచాడు. మొన్న పొద్దున చూస్తే ఒక్కొక్క సీసా తీస్తున్నాడు. కింద ఇసుక దిగి ఉంది.

"ఏం సార్, కొత్త స్కీమ్ ఏమైనా పేపర్లో పడిందా?" అన్నాను.

"ఇంకా లేదండీ" అన్నాడు, ఊచ వంగిందేమో చూసుకుంటూ. "స్లాబు పడేలోపు పడుతుంది."