బడిపిల్లల సెన్సర్ బోర్డు: ఒళ్లు వంచకుండా గట్టెక్కే ఎనిమిది చిట్కాలు

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా బడుల్లో పిల్లలు ఎండ కొలవాలని, బల్బు వెలిగించాలని ఉబలాటపడుతున్నారు. సెన్సర్లన్నీ అందులోనే ఉండే బోర్డు వాళ్ల కోసం మీరే తయారుచేయండి. పని తక్కువ, పేరు ఎక్కువ.

1. పిన్నుల పేర్లు సెన్సర్ల కింద, కనబడకుండా అచ్చు వేయండి. 2016లో బ్రిటన్ పిల్లలకు పంచిన చిన్న కంప్యూటర్ బోర్డు మైక్రోబిట్‌కు అంచున పెద్ద బెజ్జాలు పెట్టి, పక్కనే 0, 1, 2 అని వేశారు. ఆ పొరపాటు మనకొద్దు. పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటే శిక్షణ బిల్లు ఎలా పెడతాం?

2. వేడెక్కే రెగ్యులేటర్‌ను ఉష్ణోగ్రత సెన్సర్ పక్కనే కూర్చోబెట్టండి. డిజైన్ గీయడం తేలిక. పుష్యమాసం పొద్దున్నే ఎండాకాలం అంకె చూపిస్తే ‘కొత్తగూడెం ఎండలు తెలియనివా?’ అనండి. డీహెచ్‌టీ11 సెన్సరే కొనండి. రెండు డిగ్రీలు అటూఇటూ అని దాని కాగితంలోనే ఉంటుంది, మనకు మాట రాదు.

3. బ్యాటరీ తిరగేసి పెట్టినా బోర్డును కాపాడే డయోడ్ తీసేయండి. చిప్పు కాలి కమురు వాసన రాగానే పిల్లాడి పేరు రిజిస్టర్లో ఎక్కించండి. నాలుగు పేర్లు ఎక్కాక మిగతావాళ్లు బోర్డు జోలికి రారు.

4. డబ్బాలో ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ వైరు పెట్టండి. బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం బోర్డు కనిపించదు. సారు తన కంప్యూటర్‌నే అనుమానిస్తాడు.

5. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ డబ్బాలో ఇవ్వకండి. నెట్‌లో దించుకోమనండి. చర్ల, దుమ్ముగూడెం లోపలి ఊళ్ల నుంచి ఫోనొస్తే ‘సిగ్నల్ లేకపోతే మేమేం చేస్తాం?’ అని పెట్టేయండి.

6. మిరపచేలో తడి చూడటానికి పూత లేని లోహపు పుల్లలు ఇవ్వండి. వాటికి ఇరవైనాలుగు గంటలూ కరెంటు పారించండి. తడిమట్టిలో లోహం తినేసుకుపోతుంది. కాయ కోతకు రాకముందే కొత్త పుల్లల ఆర్డరు చేతికొస్తుంది.

7. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 2022 జూలైలో 71 దాటింది. కాబట్టి డబ్బా మీద ‘వరద హెచ్చరిక బోర్డు’ అని పెద్దక్షరాలతో వేయండి. లోపల హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే దూరం కొలిచే సెన్సర్ చాలు. అది నాలుగు మీటర్లకు మించి కొలవలేదు గనక వంతెన మీదికి తీసుకెళ్లకండి. బకెట్లో నీళ్లు పోసి చూపించండి. వరద రోజున కరెంటు ఎలాగూ పోతుంది, ఆ వంక చాలు.

8. ప్రారంభోత్సవం కోసం లైట్లు మిణుకుమనే ప్రోగ్రాం ముందే ఎక్కించండి. చప్పట్లు పడగానే ఫొటో తీయించండి, సంతకం పెట్టించండి, బోర్డులు బీరువాలో పెట్టి తాళం వేయించండి.

ఏడాది తిరిగేసరికి ‘ఇవన్నీ మనకు రావులే’ అని పిల్లలకు గట్టి నమ్మకం కుదురుతుంది. ఇక ప్రశ్నలుండవు, ఫిర్యాదులుండవు. అప్పుడు అదే బోర్డుకు ఆకుపచ్చ తీసి నీలం రంగు వేసి, ‘వెర్షన్ టూ’ పేరుతో మళ్లీ టెండరు వేయండి.