బరువు పక్కవాడిది, ఫోటో మనది: ఎల్క్ వేటకు పది చిట్కాలు

కొలరాడోలో అక్టోబరు వచ్చిందంటే డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్ళు రెండు జట్లుగా బయల్దేరతారు. బతుకమ్మకు పూల కోసం తిరిగేవాళ్ళు, ఎల్క్ వేటకు సామాన్ల కోసం తిరిగేవాళ్ళు. మొదటివాళ్ళకు నేను చెప్పగలిగింది లేదు. రెండోవాళ్ళు మాత్రం ఇలా వచ్చి కూచోండి. ఆరు సీజన్లు కొండెక్కాను. ఆరుసార్లూ పావుకిలో మాంసం కూడా మోయకుండా దిగాను. అయినా వాట్సాప్ గ్రూపులో నా పేరు 'షికారీ అన్నయ్య'. ఊరికే వచ్చిన పేరు కాదది.

ముందు ప్రమాదమేమిటో తెలుసుకోండి. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న. ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఎముకలు తీసేసినా 90 కిలోల దాకా మాంసం మిగులుతుంది. అది వచ్చి కారు పక్కన పడదు. 3,000 మీటర్ల ఎత్తున, రెండు లోయల అవతల పడుతుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం కొలరాడోలో నేరం. అంటే గుండు తగిలిన మరుక్షణం మీరు వేటగాడు కారు, హమాలీ. పైగా ఆ రాష్ట్రంలో ఎల్క్‌లు రెండున్నర లక్షలకు పైనే. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. ఎదురుపడే ముప్పు నిజంగానే ఉంది.

(ఇండియాలో ఉన్నవాళ్ళకు ఈ బెంగ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మీకోసం ఆ ముప్పు తప్పించేసింది. మీరు ఈ చిట్కాలను ట్రెక్కింగ్‌కు వాడుకోండి.)

1. ఏ పక్షమూ చేరకండి, రెండు పక్షాల కాఫీ తాగండి.

అక్కడి వేటగాళ్ళు రెండు పార్టీలు. ఉన్ని చొక్కా, తాత వాడిన థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్, ఒక కత్తి, గుప్పెడు వేరుసెనగలు: ఇది పాత పార్టీ. ఒంటినిండా పట్టీలు, గూళ్ళు, నల్లరంగు తుపాకీ: ఇది కొత్త పార్టీ. పాతవాళ్ళు కొత్తవాళ్ళను 'టాక్టికూల్' అని వెక్కిరిస్తారు. కొత్తవాళ్ళు పాతవాళ్ళను 'ఫడ్' అంటారు. కార్టూన్లలో బగ్స్ బన్నీ వెంటపడి ఎప్పుడూ భంగపడే ఎల్మర్ ఫడ్ ఉన్నాడే, ఆయన పేరు. ఈ తగువులో నోరు జారితే కొంప మునుగుతుంది. 2007 ఫిబ్రవరిలో 'ఔట్‌డోర్ లైఫ్' పత్రిక వేట సంపాదకుడు జిమ్ జంబో, ఈ సైనిక తరహా రైఫిళ్ళు వేటకు తగవని గట్టిగా రాశాడు. కొద్ది రోజుల్లోనే ఉద్యోగమూ పోయింది, స్పాన్సర్లూ పోయారు. దశాబ్దాల పేరున్న మనిషి గతే అది. మీరు మాత్రం ఉన్ని చొక్కా కనిపిస్తే "మా తాతగారూ ఇంతేనండీ" అనండి. నల్ల వెస్ట్ కనిపిస్తే "ఎంతకు తీశావ్ బ్రదర్?" అనండి. రెండు శిబిరాల్లోనూ కప్పు చేతికొస్తుంది.

2. మిలిటరీ వెస్ట్ కొనండి, లోపల మాత్రం ఏమీ పెట్టకండి.

వెస్ట్ మీద అడ్డంగా వరసలు వరసలుగా కుట్టిన పట్టీలుంటాయి. ఆ ఏర్పాటును 'మాలీ' అంటారు. తొంభయ్యవ దశకం చివర్లో అమెరికా సైన్యం తెచ్చుకుంది. అంగుళం వెడల్పు పట్టీ, ఒకటిన్నర అంగుళానికో కుట్టు. ఎవడికి ఎక్కడ ఏ గూడు కావాలో అక్కడ తగిలించుకోవచ్చు. సైనికుడు అంత బరువు ఎందుకు మోస్తాడు? వెనకాల హెలికాప్టర్ వస్తుందన్న ధైర్యంతో. మీ వెనకాల వచ్చేది బావమరిది. అందుకని పన్నెండు గూళ్ళు తగిలించి, అన్నింట్లో గిన్నెలు తోమే స్పాంజి ముక్కలు కుక్కండి. చూసేవాళ్ళకు యుద్ధం నుంచి వచ్చినట్టుంటుంది, మోసేవాడికి దూదిమూటలా ఉంటుంది. సామాను ఎక్కువుండాలనే పార్టీకీ, తేలిగ్గా పోవాలనే పార్టీకీ రాజీ కుదిర్చింది నేనే. పచ్చరంగు స్పాంజి బయటికి కనబడకుండా చూసుకోండి.

3. వెల్క్రో ఎంత ఎక్కువుంటే అంత క్షేమం.

1941లో జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విస్ ఇంజనీరు కుక్కను వెంటేసుకుని వేటకు వెళ్ళొచ్చాడు. మన చేలగట్ల మీద మరులమాతంగి కాయలు పంచెకు పట్టుకున్నట్టు, ఆయన ప్యాంటుకూ కుక్క బొచ్చుకూ ముళ్ళకాయలు పట్టుకున్నాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, కొక్కేలు చూసి, వెల్క్రో కనిపెట్టాడు. వేటలో పుట్టిన వస్తువు వేట చెడగొట్టడానికి ఇంత బాగా పనికొస్తుందని ఆయనకు తట్టి ఉండదు. ఎల్క్ అరవై గజాల్లోకి వచ్చి, పక్కవాడు ఊపిరి బిగబట్టి గురి చూస్తున్న సమయానికి ఒక గూడు 'చర్‌ర్‌ర్' మని విప్పండి. పని అయిపోతుంది. తర్వాత "చాక్లెట్ తీశా, నీక్కూడా కావాలా?" అని అడగండి. వెల్క్రో అందకపోతే గరుకు నైలాన్ ప్యాంటుతో పొదలకు రాసుకుంటూ నడవండి. ఉన్ని బట్ట కొమ్మలకు రాసుకున్నా చప్పుడు కాదు. అందుకే దాన్ని దగ్గరికి రానివ్వకండి.

4. రంగు: నలుపు.

అడవిలో నిలువెత్తు నలుపు అరుదు గనుక ఎల్క్ మిమ్మల్ని ముందే చూసి తన దారిన తాను పోతుంది. బట్టలు తెల్లగా మెరిపించే పొడితో ఉతకండి. జింకజాతికి నారింజ, ఎరుపు సరిగా తెలియవు గానీ నీలం వైపు చూపు చురుకు. ఆ పొడి వేసిన మెరుపు వాటికి బాగా తెలుస్తుంది. ఒక్క చిక్కుంది. రైఫిల్ సీజన్లో నడుముపైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజో గులాబీయో వేసుకోవాలి, నెత్తికి కూడా. మచ్చల నారింజ చెల్లదు. అంటే మీరు వందల డాలర్లు పోసి కొన్న ముస్తాబంతా ఆ నారింజ కిందే దాక్కుంటుంది. అందుకే ఫోటోలు ట్రక్కు దగ్గరే, బయల్దేరకముందే తీసుకోండి. నేను బొగ్గు పూసుకున్న ముఖంతో దిగిన ఫోటో పెట్రోలు బంకు వెనక తీసిందే.

5. తేలిగ్గా సర్దుకోవడం ఒక కళ.

తేలిక సంచుల భక్తులు టూత్‌బ్రష్ పిడి కోసేస్తారు, చొక్కాల లేబుళ్ళు కత్తిరిస్తారు. 1955లో ఎమా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అవ్వ తానే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, టెన్నిస్ బూట్లతో, వానకు స్నానాలగది తెర అడ్డం పెట్టుకుని, అపలేచియన్ కాలిబాట రెండు వేల మైళ్ళూ నడిచింది. ఆవిడకు వెంట మనిషి లేడు, పాపం. మనకున్నాడు.

అసలు గురువు జిమ్ కార్బెట్. 1907లో చంపావత్ ఆడపులి మీదికి మూడే తూటాలు వెంటబెట్టుకెళ్ళాడు. అవి అయిపోయాక తహసీల్దారు తుపాకీ తీసుకుని పని ముగించాడు. అందరూ ఆయన ధైర్యం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం అందులో కనిపించేది సర్దుకునే తెలివి. ఆఖరికి ఆయుధం కూడా పక్కవాడిదే.

ఇక పద్ధతి వినండి. సంచులు సర్దే రాత్రి రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళండి. అప్పటికే అందరూ సామాన్లు పంచుకుని ఉంటారు. "అయ్యో, నాకేం మిగల్లేదా?" అని నొచ్చుకోండి. 'ఉమ్మడి సామాను' అనే మాట బాగా వాడండి. టెంటు ఉమ్మడి, స్టవ్ ఉమ్మడి, నీళ్ళ ఫిల్టర్ ఉమ్మడి. మీ దుప్పటి కూడా చలి అందరిదీ గనుక ఉమ్మడే. మా బావమరిదికీ నాకూ రెండో ఏడు జరిగిన మాటలివి:

"బావా, నీ సంచి ఇంత చిన్నదేంటి?"

"అల్ట్రాలైట్ రా. ఇప్పుడంతా అదే."

"మరి నీ స్లీపింగ్ బ్యాగ్?"

"నీ సంచిలో అడుగున ఉంది చూడు. బరువు కింద ఉంటే నడుముకు మంచిదట."

వాడు చూశాడు. నా బూట్లూ అక్కడే ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యం: ఫ్రేమ్ ప్యాక్ కొనకండి. నిచ్చెన ఉన్నవాడినే అటక ఎక్కమంటారు. మాంసం కట్టుకునే చట్రం మీ ఇంట్లో ఉందని తెలిసిందా, ఎల్క్ వెనకతొడ మీ వీపు మీదికొస్తుంది. ఒక్కొక్క తొడ పాతిక కిలోల పైమాటే. మాంసానికి గాలి తగిలేలా చుట్టే గుడ్డసంచులు కూడా కొనకండి. అవి ఉన్నాయంటే పనికి సిద్ధపడ్డట్టే.

6. తిండి.

పదివేల అడుగుల ఎత్తున నీళ్ళు 90 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం పలుకుగానే ఉంటుంది. కాబట్టి వంట మీ వల్ల కాదని శాస్త్రమే చెబుతోంది. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళండి. ఆవకాయ గాజుసీసాలోనే ఉండాలి, రుచి పోకూడదు. సీసా బావమరిది సంచిలో ఉంటుంది గనుక బరువు లెక్కలోకి రాదు. మూత తీసేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. ఎల్క్ వైపు వీస్తుంటే తీయండి.

7. తుపాకీ పట్టకండి, పట్టలేకపోయినందుకు బాధపడండి.

సినిమాల్లో కనిపించే నల్ల రైఫిల్ సరదా మీకుంటే ముందే చెబుతున్నా. కొలరాడోలో ఎల్క్‌కు 0.24 అంగుళం కన్నా సన్న గుండు పనికిరాదు. ఆ రైఫిళ్ళలో ఎక్కువభాగం వాడేది 0.223. అర్ధ ఆటోమేటిక్ అయితే మొత్తం ఆరు తూటాలు దాటకూడదు. ముప్పై తూటాల మ్యాగజైన్ గోడకు తగిలించుకోవడానికే. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకైతే వరమే ఉంది. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు దానికి ఒక మినహాయింపు. లైసెన్సు కొనకపోతే సరి. "పేపర్లు ప్రాసెసింగ్‌లో ఉన్నాయి" అనండి. ఈ వాక్యం విన్న తెలుగువాడెవడూ ఇంకో ప్రశ్న వేయడు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు "ఈసారి నేను బైనాక్యులర్ చూస్తా" అనండి. చెట్టుకానుకుని కళ్ళకు బైనాక్యులర్ పెట్టుకుంటే నిద్రపోతున్నారో లేదో ఎవరికీ తెలియదు.

8. రక్తం ఆపే పట్టీ.

ఛాతీ మీద అందరికీ కనిపించేలా తగిలించండి. ప్లాస్టిక్ కవరు విప్పకండి, వాపసు ఇవ్వాల్సి రావచ్చు.

9. సాకులు ముందే సర్దుకోండి, వాటికి బరువుండదు.

ఆడలేక మద్దెల ఓడన్నాడని సామెత చెబుతారు. ఓటి మద్దెల వెంట తెచ్చుకోవడంలో ఎంత ముందుచూపుందో ఎవరూ చెప్పరు. పౌర్ణమి అయితే "రాత్రంతా మేసి పగలు పడుకున్నాయి" అనండి. అమావాస్య అయితే "చీకట్లో కదల్లేదు" అనండి. ఎండకాస్తే పైకెళ్ళాయి, మంచు పడితే కిందికెళ్ళాయి. 2023 డిసెంబరులో కొలరాడో ప్రభుత్వం ఓరెగన్ నుంచి పది తోడేళ్ళను తెచ్చి అడవిలో వదిలింది. అప్పటి నుంచి మనకు సాకుల కరువు తీరిపోయింది. అవి వదిలిన చోటు మీ క్యాంపుకు ఎంత దూరమో ఎవరూ మ్యాపులో చూడరు.

10. దారి తప్పడం గురించి భయం వద్దు.

కొలరాడోలో వేట లైసెన్సుతో పాటు 25 సెంట్లు గాలింపు, రక్షణ నిధికి వెళ్తాయి. పావు డాలరుకు ఇంతకన్నా మంచి బీమా ఎక్కడుంది? కాబట్టి దిక్సూచి, మ్యాపు, వానకోటు, అదనపు బ్యాటరీ, ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం, అన్నీ ఇంట్లో వదిలేయండి. ఆ నిధి తోడ్పడేది జీతం లేకుండా, నిద్ర మానుకుని వచ్చే ఊరివాళ్ళ బృందాలకని కొందరు గుర్తుచేస్తారు. పట్టించుకోకండి.

మూడో ఏడు నేనిలాగే తప్పిపోయాను. అనుకున్న వాగుకు బదులు పక్క వాగు పట్టుకుని దిగాను. చీకటి పడింది, మంచు మొదలైంది, ఫోను ఆరిపోయింది. దుప్పటి బావమరిది సంచిలో, బావమరిది ఎక్కడో. తెల్లవారుజామున లైట్లు వేసుకుని నలుగురు వచ్చారు. అందులో ఒక ముసలాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఉన్ని చొక్కా. పక్కా ఫడ్. నా వెస్ట్ తాను మోద్దామని ఎత్తి ఆగిపోయాడు. బరువే లేదు. నిప్పు పుట్టించేదేమైనా ఉందేమోనని ఒక గూడు విప్పాడు. స్పాంజి. ఇంకోటి విప్పాడు. స్పాంజి. పన్నెండూ విప్పాడు. ఏమీ అనలేదు. చొక్కా విప్పి నాకు తొడిగి, కేవలం బనీనుతో కిందికి నడిచాడు.

ఆ చొక్కా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. చిరునామా అడగడం మర్చిపోయానని చెప్పుకుంటున్నాను. చాలా వెచ్చగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు.

పోయినేడు బావమరిది ఫ్రేమ్ ప్యాక్ కొనుక్కుని ఆఫీసువాళ్ళతో వెళ్ళాడట. ఎల్క్ పడిందట. మూడు దఫాలుగా మోశారట. వాళ్ళింటికి ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్తే, ఫ్రీజర్ మా అక్కాబావల సామాన్లతో నిండిపోయింది అన్నాడు. వాడికి నా భార్య తప్ప అక్క లేదు.

కొలరాడో లైసెన్సు డ్రాకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. ఈసారి నాతో రావడానికి ఒక మనిషి కావాలి. నడుం గట్టిగా ఉండాలి, సొంత ఫ్రేమ్ ప్యాక్ ఉంటే మరీ మంచిది. స్పాంజీలు నేనే తెస్తాను.